ఊరేగింపు డ్రమ్ములు మోయడం: చట్రం పని డైరీ

కార్తీకం: తూకాలు

ఊరేగింపులో డ్రమ్మును ఒంటికి తగిలించుకుని మోయడానికి ఒక చట్రం చేద్దామనుకున్నాం. దానికి గీత గీసే ముందు బరువులు తేల్చాలి. మేళగాళ్ళను అడిగితే ఎవరి డ్రమ్ము గురించైనా "ఓ పదిహేను కేజీలుంటుందండి" అనే చెబుతారు. రొయ్యల చెరువుల దగ్గర వాడే వేలాడే కాటా తెచ్చి, పట్టీలూ కొక్కేలూ విప్పకుండా, ఊరేగింపు రోజు ఎలా ఉంటాయో అలాగే తూచాం. బ్యాండు మేళంలోని 24 అంగుళాల పెద్ద డ్రమ్ము 9.4 కేజీలు. కేరళ చెండ 11. సన్నాయి పక్కన వాయించే డోలు 13. తాసా వీటిలో సగం కూడా తూగదు, కాబట్టి దాన్ని ఈ పనిలో కలపలేదు.

డోలు అంత తూగడానికి పనస మొద్దు ఒక్కటే కారణం కాదు. వెనకటి డోళ్ళకు వెదురు బద్దల మీద నార చుట్టిన వలయాలుండేవి, మూతల్ని తోలు వారుతో లాగి బిగించేవారు. ఇప్పుడు స్టీలు రింగులు, బోల్టులు. శ్రుతి నిలుస్తుంది, వానకి సడలదు. ఆ సుఖానికి కూలి భుజమే ఇచ్చుకోవాలి.

తూకం ప్రకారమైతే డోలు వాళ్ళకే నడుం నొప్పి ఎక్కువ ఉండాలి. మేళం ఆగగానే నడుం పట్టుకుని అరుగు వెతుక్కునేది మాత్రం పెద్ద డ్రమ్ము వాళ్ళు. కారణం దూరంలో ఉంది. వెన్ను కండరాలు వెన్నుపూసకు సుమారు 5 సెంటీమీటర్ల వెనక నుంచి లాగుతాయి. ముందు వేలాడే బరువు వెన్నుకు ఎంత దూరాన ఉందో చూసి, ఆ దూరాన్ని 5తో భాగిస్తే ఎన్ని రెట్లు వస్తుందో, కండరాలు బరువుకు అన్ని రెట్లు బిగుసుకోవాలి.

24 అంగుళాల డ్రమ్ము అడ్డకొలత 61 సెం.మీ. దాని మధ్యభాగం పొట్టకు 30 సెం.మీ. ముందుంటుంది. పొట్ట నుంచి వెన్నుకు ఇంకో 20. మొత్తం 50. అంటే 9.4 × 50 ÷ 5 = 94 కేజీల లాగుడు. డోలు నడిమి లావు 36 సెం.మీ., దూరం 18 + 20 = 38. 13 × 38 ÷ 5 చేస్తే 99 కేజీలు. మూడున్నర కేజీలు తేలికైన డ్రమ్ము నడుముకు దాదాపు డోలంత బరువే పెడుతోంది. పైగా డోలు వాళ్ళు మండపంలో కూర్చుంటారు. పెద్ద డ్రమ్ముకు కూర్చునే వాటం లేదు.

ఈ లాగుడు తప్పించుకోవడానికి శరీరం తనంతట తనే వెనక్కి వాలుతుంది. కండరాలకు కాస్త తెరిపి దొరుకుతుంది గానీ వెన్నుపూసల వెనక కీళ్ళు ఒకదానిమీదొకటి నొక్కుకుంటాయి. పెద్ద డ్రమ్ము వాళ్ళ పొట్ట ముందుకి, భుజాలు వెనక్కి ఉండే నడక ఇందువల్లే.

మార్గశిరం: పట్టీలు

పెద్ద డ్రమ్ముకు ఇప్పుడున్న పట్టీ మెడ వెనక నుంచి వచ్చే 4 సెం.మీ. నవారు. అది ఒంటికి ఆనే పొడవు రెండు పక్కలా కలిపి 20 సెం.మీ. ఉంటే, చదరపు సెంటీమీటరుకి 117 గ్రాముల ఒత్తిడి. చర్మంలోని సన్న రక్తనాళాలు 32 మిల్లీమీటర్ల పాదరసం దగ్గరే, అంటే సుమారు 43 గ్రాముల దగ్గరే, మూసుకోవడం మొదలెడతాయి. తిమ్మిరి ఎందుకొస్తుందో చెప్పడానికి ఈ రెండంకెలూ చాలు. పట్టీని రెండు భుజాల మీదికి మార్చి, ఒక్కోటి 7 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఆనేలా చేస్తే 210 చదరపు సెంటీమీటర్లవుతుంది, ఒత్తిడి 45కి దిగుతుంది. కాగితం మీద. అంచు ముడుచుకున్న పట్టీ ఎంత వెడల్పున్నా బరువంతా ఆ ఒక్క గీత మీదే మోపుతుంది.

ఫోము ఎంచుకోవడంలో తేడా వస్తే మిగతా పనంతా వృథా. సోఫాల మెత్తటి ఫోము చేత్తో నొక్కితే హాయిగా ఉంటుంది, పది కేజీలకు అట్టలా అణిగిపోతుంది. హవాయి చెప్పులకు వాడే ఈవీఏ షీటు 12 మి.మీ.ది అడుగున, దాని మీద 5 మి.మీ. మెత్తటి పొర, ఆపైన బూట్లకు వాడే గాలి వల గుడ్డ. ఇదీ నిలబడిన కూర్పు. షీటు అంచుల్ని కత్తితో ఏటవాలుగా చెక్కాలి, లేకపోతే మెడ వైపు ఒరుసుకుంటుంది. చేతికందే పీచుతో అయిపోతుందని అంబాజీపేట వైపు దొరికే రబ్బరు కలిపిన కొబ్బరి పీచు కూడా పెట్టి చూశాం. బిగువు బాగుంది, చెమటకు తడిశాక చొక్కాలోంచి గుచ్చుకుంటోంది. పక్కన పెట్టాం.

పట్టీకి నూలు వద్దు. చెమట పీల్చుకుని సాగుతుంది, ఆరాక ఉప్పుతో గరుకెక్కి చర్మం గీరుతుంది. నైలాను కూడా తడిస్తే కొంత సాగుతుంది, గంట గడిచేసరికి డ్రమ్ము కిందికి జారి ఉంటుంది. పాలిస్టరు సాగదు. పాత కార్ల సీటు బెల్టులు పాలిస్టరే, వెడల్పు 47 మి.మీ. దగ్గర, పాత సామాన్ల కొట్లో మీటర్ల లెక్కన దొరికాయి. ఇంటి దర్జీ మిషను సూది దీనిలో దిగదు. ఆటో సీట్లు కుట్టే షాపులో పెట్టె ఆకారంలో కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డ కుట్టు వేయించాలి. అంచున ఒకే వరస కుట్టు వేస్తే దారం ఒక చోట తెగినా పట్టీ మొత్తం ఊడొస్తుంది.

ధనుర్మాసం: చట్రం

అమెరికా మార్చింగు బ్యాండుల్లో ఐదారు చిన్న డ్రమ్ములు కలిపి బిగించిన టెనర్ సెట్టును మోసేవాళ్ళు బనీనులా తొడుక్కునే అల్యూమినియం చట్రం వాడతారు. భుజాల మీద పలకలు, పొట్టకు ఒక ప్లేటు, దానికి కొక్కేలు. ఆలోచన అదే తీసుకున్నాం, ఆకారం మార్చాం. బనీను తరహా చట్రం ఛాతీని కప్పేస్తుంది, మన ఉక్కకు అది పనికిరాదు. వీపు పూర్తిగా తెరిచి ఉండాలి.

సామాను ఇదీ. కిటికీ సెక్షన్లు అమ్మే కొట్లో 25 × 5 మి.మీ. అల్యూమినియం పట్టె, మొత్తం 1.6 మీటర్లు: భుజాలకు 55 సెం.మీ.వి రెండు, ఛాతీ అడ్డపట్టె 30, కింది జోడింపు 20. తూకం 540 గ్రాములు. 3 మి.మీ. మందం పట్టె మీటరుకి 135 గ్రాములు తేలికే, కానీ భుజం వంపు దగ్గర నడుస్తుంటే ఊగుతుంది, ఊగే చోటే విరుగుతుంది. పొట్ట ప్లేటుకు 3 మి.మీ. అల్యూమినియం రేకు, 26 × 18 సెం.మీ., 380 గ్రాములు. 6 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టులు, లోపల నైలాను వలయం ఉన్న నట్లు. వెనక పట్టీలు, నడుం బెల్టు, మెత్తలతో కలిపి చట్రం మొత్తం 1.9 కేజీలకు వచ్చింది.

పట్టె వంచేటప్పుడు వేడి చేయకూడదు. కిటికీ అల్యూమినియం గట్టిదనం ఫ్యాక్టరీలో వేడి లెక్కతో వచ్చింది. గ్యాసు మంట తగిలితే మెత్తబడి, బరువు వేయగానే వంపు విప్పుకుంటుంది. 2 అంగుళాల ఇనప గొట్టం చుట్టూ చల్లగానే, కొంచెం కొంచెంగా వంచాలి. ఇంతకంటే చిన్న వంపు పెడితే బయటి అంచున సన్న పగుళ్ళు తేలతాయి. గోరుతో గీస్తే తెలుస్తుంది.

రివెట్లు వద్దని మొదటే అనుకున్నాం. దెబ్బ దెబ్బకూ అదిరే వస్తువుకి రివెట్టు రంధ్రం మెల్లగా కోలగా అవుతుంది. బోల్టులకీ ఇంకో చిక్కుంది: చెమట ఉప్పు మధ్యలో స్టీలు, అల్యూమినియం తగులుకుంటే అల్యూమినియం తెల్ల పొడిగా తినేసుకుపోతుంది. సముద్రపు గాలి తగిలే రాజోలు, అంతర్వేది వైపు ఇంకా తొందరగా. ప్రతి బోల్టు కిందా నైలాను వాషరు, బోల్టు ఒంటికి సన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగాం.

పొట్ట ప్లేటుకు ఎంత మెత్త వేస్తే అంత సుఖం అనుకోవడం సహజం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ప్లేటు వెనక 4 సెం.మీ. ఫోము వేస్తే డ్రమ్ము వెన్నుకు 4 సెం.మీ. దూరం జరిగినట్టే: 9.4 × 4 ÷ 5, ఏడున్నర కేజీల అదనపు లాగుడు. కాబట్టి భుజాలకు మందం, పొట్టకు పలచన. ప్లేటుకు 8 మి.మీ. గట్టి ఈవీఏ చాలు. ప్లేటు కింది అంచును మాత్రం ముందుకి ఒక వేలెడు వంచాలి, లేకపోతే మెట్లెక్కేటప్పుడు తొడ మొదట్లో పొడుస్తుంది.

చట్రం పెట్టాక నడుము మీది లాగుడు ఎంత తగ్గింది? తగ్గలేదు. 1.9 కేజీలు కొత్తగా చేరాయి, బిగువుగా ఆనడం వల్ల డ్రమ్ము 3 సెం.మీ. దగ్గరికొచ్చింది, రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. మెడ మీది భారం పోయింది, బరువులో పెద్ద వాటా బెల్టు ద్వారా తుంటి ఎముకల మీదికి దిగింది, భుజాలకు ఊపిరొచ్చింది. ముందుకి ఒరిగే లాగుడు మాత్రం ఏ పట్టీకీ, ఏ చట్రానికీ మాయం కాదు. కావడిలాగా వెనక నీళ్ళు కట్టి తూచొచ్చు కదా అని అడుగుతారు. 2 లీటర్ల నీళ్ళు వెన్నుకు 20 సెం.మీ. వెనక కడితే ఒరుగుడులో పదో వంతు కూడా తీరదు, మోకాళ్ళ మీద మాత్రం 2 కేజీలు పెరుగుతాయి. నీళ్ళు తాగడానికి కట్టుకుంటే కట్టుకోండి, తూకం కోసం వద్దు.

కనుమ: ప్రభల ముందు

జగ్గన్నతోట ప్రభల తీర్థం కంటే గట్టి పరీక్ష మా కోనసీమలో దొరకదు. మొసలపల్లి దగ్గరి ఆ కొబ్బరి తోటకు 11 ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో ఎత్తుగా కట్టి రంగు గుడ్డలతో అలంకరించినవి, భుజాల మీద వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. చేల గట్లు, తోటల్లో కాలవ బోదెలు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలవలోకి దిగి దాటడం. మేళానికి వీటికంటే కష్టం ప్రభ నడక తీరు. ఉన్నట్టుండి ఆగుతుంది, ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. దానికి ఎదురుగా తిరిగి వెనక్కి నడుస్తూ వాయించాలి.

చట్రం బయటపెట్టిన లోపాలు మూడు. కొక్కేలు లోహం మీద లోహం తగిలి గిలకలా మోగాయి. సైకిలు ట్యూబు ముక్క తొడిగితే ఆగింది, కానీ ట్యూబు త్వరగా తెగుతుంది, పెట్టెలో ముక్కలు ఉంచుకోవాలి. రెండోది, డ్రమ్ము పై అంచు గడ్డం కిందికి వచ్చి కాళ్ళ ముందు నేల కనిపించలేదు. కొక్కేల రంధ్రాలు అంగుళం దూరంలో వేసి ఉన్నాయి కాబట్టి రెండు గడులు దించితే సరిపోయింది. మోచెయ్యి సుమారు లంబకోణంలో ఉన్నప్పుడు గుబ్బ పుల్ల డ్రమ్ము మధ్యలో తగలాలి, అదీ కొలత. అంతకంటే పైన ఉంటే భుజాలు ఎగదీసి వాయిస్తారు, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. మూడోది ముఖ్యం: జారిపడితే డ్రమ్ము ఒంటిని వదలాలి. కొక్కేలు పైకి తెరిచి ఉండాలి, డ్రమ్మును ఒక్క ఎత్తుతో తీసేయగలగాలి. నడుం బెల్టుకు స్కూలు బ్యాగుల తరహా నొక్కితే విడిపోయే బకిలు, 50 మి.మీ.ది. కౌశిక దాకా వచ్చాక డ్రమ్ము విప్పి గట్టు మీద నుంచి చేతికి అందించుకోవడమే, తొడుక్కుని నీళ్ళలో దిగడం లేదు.

మాఘం: తొడ మొద్దుబారడం, చిన్న డ్రమ్ము

"భుజం తేలికైందండి, కానీ తొడ బయటి వైపు మొద్దుబారుతోంది." ఇది బెల్టు తెచ్చిన కొత్త జబ్బు. తొడ బయటి చర్మానికి స్పర్శ ఇచ్చే నరం తుంటి ఎముక ముందు కొన దగ్గర నుంచి దిగుతుంది. బెల్టు కిందికి జారి అక్కడ నొక్కితే మంట, తిమ్మిరి. బెల్టు తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి. వెడల్పు 10 సెం.మీ., ముందు కొనల దగ్గర మాత్రం 6కి తగ్గించి, ఆ చోట లోపలి కుట్టు తీసేయించాం. ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

భుజం వైపు గుర్తులు వేరే. పట్టీ మెడ, భుజం మధ్య నరాల గుచ్ఛాన్ని నొక్కితే చెయ్యి పైకెత్తడం కష్టమవుతుంది, ఒక్కోసారి వీపు రెక్క ఎముక రెక్కలా బయటికి పొడుచుకొస్తుంది. వీపు సంచులు మోసే సైనికుల్లో వైద్యులు ఎప్పటి నుంచో చూస్తున్నదే. అది కనిపిస్తే నూనె మర్దనతో సరిపెట్టకూడదు, డ్రమ్ము దింపి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక అసలు మందు, డ్రమ్ము మార్చడం. 20 అంగుళాల డ్రమ్ము 7.2 కేజీలు తూగింది, దూరం 45 సెం.మీ.కి దిగింది. 7.2 × 45 ÷ 5 అంటే 65 కేజీలు. ఇన్నాళ్ళూ పట్టీలతో కుస్తీ పట్టినా రాని తగ్గుదల ఇక్కడ 29 కేజీలు ఒక్కసారే వచ్చింది. మేళం పెద్దలకు నచ్చనిది శబ్దం: "గుండెకి తగలట్లేదు." దానికి దారి ఉంది. పెద్ద డ్రమ్ము మూతలు కుడి ఎడమలకు ఉంటాయి కాబట్టి పీపా లోతు పెరిగితే పక్కలకు పెరుగుతుంది, ముందుకి కాదు. 12 అంగుళాల లోతును 14 చేస్తే తూకం కాస్త పెరిగినా వెన్ను నుంచి దూరం పెరగదు. మూతకు మందపాటి ప్లాస్టిక్ తొడిగి, ముడతలు పోయేంత వరకే బిగించి, లోపల 5 సెం.మీ. వెడల్పు ఉన్ని పట్టీ అడ్డంగా సాగదీస్తే గంట మోత పోయి మంద్ర ధ్వని మిగులుతుంది. 24 అంగుళాల ఊపు పూర్తిగా రాదు. డీజే పెట్టెల పక్కన వాయించే చోట ఆ తేడా ఎవరికీ వినపడదు, గుడి ముందు వినపడుతుంది. తీర్థాలకు 24, పెళ్ళిళ్ళకు 20 అని మేళం వాళ్ళే తేల్చుకున్నారు.

ఫాల్గుణం: చెండ, డోలు, ఎత్తడం దించడం

చెండ వాళ్ళు చట్రం ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. వాళ్ళ ఆటలో చెండ ఊగాలి, వాలాలి. దాన్ని ఒక భుజం నుంచి వేలాడదీస్తారు, 11 కేజీలకు ఒళ్ళు ఎదురు పక్కకు ఒంగుతుంది. రెండు భుజాల మీదుగా వచ్చి వీపు మధ్య 50 మి.మీ. స్టీలు వలయంలో కలిసే పట్టీ వేశాం. వలయం జారుతుంది కాబట్టి చెండ ఏ పక్కకు వాలినా రెండు భుజాలూ బరువు పంచుకుంటాయి. తొడకు తగిలే చోట, కింది రింగు చుట్టూ చెప్పుల షీటు ముక్క.

డోలుకు కూడా ఇదే పట్టీ. అదనంగా, పల్లకి ఆగిన చోటల్లా కింద పెట్టే 70 సెం.మీ. మడత స్టాండు. మోసే సమయంలో సగం నిలబడి ఎదురుచూడడమే కదా, ఆ సగం స్టాండు మోస్తుంది.

నడుం పట్టేసే ఘడియ చాలాసార్లు వాయించేటప్పుడు కాదు, నేల మీది డ్రమ్ము వంగి ఎత్తి, అదే ఊపులో పక్కకు తిరిగినప్పుడు. డ్రమ్ము నేల మీద పెట్టకూడదు. ప్లాస్టిక్ కుర్చీ మీదో, ట్రాక్టరు ట్రాలీ అంచు మీదో పెట్టి, మనిషి దాని దగ్గరికి వెళ్ళి మోకాళ్ళు వంచి కొక్కేలు తగిలించుకోవాలి. మనుషులు మారేటప్పుడు బెల్టు మళ్ళీ సర్దే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే ఎవరి బిగువు దగ్గర వాళ్ళకో రంగు గోళ్ళరంగు గీత పట్టీ మీద పెట్టాం. 45 నిమిషాలకోసారి మనిషి మార్పు.

సీజనుకు ఆరు వారాల ముందు నుంచి నీళ్ళ టిన్నులు పట్టుకుని నడవడం మంచిది. చేతికి 5 లీటర్లతో మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుతూ. అంతకుమించి కసరత్తు చేయమంటే ఎవరూ చేయరు.

చైత్రం: ఎండ

జాతరలు మొదలయ్యాయి. డెల్టా ఎండలో వేడికంటే తేమ ప్రమాదం. చెమట కారుతుంది గానీ ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కొబ్బరినీళ్ళు ఎక్కడ పడితే అక్కడ ఇస్తారు. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. బొండాంలో చిటికెడు ఉప్పు వేసుకోవాలి, లేదా లీటరు నీళ్ళకు తలగొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవాలి. చెంచా అంటే టీ చెంచా. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం కనిపిస్తే ముందు బకిలు నొక్కి డ్రమ్ము దించి, నీడలో ఒళ్ళు తడపాలి, ఆ తర్వాతే మిగతా మాటలు. ఆ మనిషిని ఆసుపత్రికి చేర్చాలి.

మెత్తల గుడ్డ మురికి వల్ల కాదు, ఉప్పు పట్టి బిరుసెక్కుతోంది. మెత్తల తొడుగులు విప్పి ఉతికేలా వెల్క్రోతో మార్చాం. ఒక్కో చట్రానికి రెండు జతలు, ఒకటి ఆరుతుండగా ఒకటి.

మిగిలిన పని: 160 సెం.మీ. లోపు ఎత్తున్నవాళ్ళకు ఇప్పటి చట్రంలో పొట్ట ప్లేటు తొడ మీదికి దిగుతోంది. వాళ్ళకు భుజం పట్టెలు 55 బదులు 50 సెం.మీ., ప్లేటు ఎత్తు 18 బదులు 15. పట్టె కోయించాం, వంచాల్సి ఉంది.